షెడ్డు బండి వెళ్ళిపోయిందండీ

ముందు మైకు పీకేశారు. స్టేషను టికెట్ గదిలో పీకవలసినవి ఇంకా బోలెడున్నాయి, కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, గోడ గడియారం ఉంది, ఏనాడూ సరిగ్గా పనిచేయని హీటరొకటి మూల పడి ఉంది, అవన్నీ వదిలేసి ఆ మెకానిక్కు మహానుభావుడికి మొట్టమొదట మైకే కనబడిందేమిటి అనుకుంది ఆమె. "అదొక్కటీ ఆఖర్న తీయకూడదా నాయనా? నా డ్యూటీ ఇంకా దిగలేదు" అంటే, "టికెట్లు మధ్యాహ్నమే ఆపేశారు కదమ్మా, ఇంకెవరితో మాట్లాడతారు?" అని నవ్వేసి, మరలు విప్పి పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, రెండు తీగలు పుటుక్కున కత్తిరించి, ఇన్నేళ్ళ ఆమె గొంతుని సంచీలో పడేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ట్యూబులైటు కూడా ఊడబెరికాడు. అద్దం కింద టికెట్లు తోసే సందుకి మధ్యాహ్నమే చెక్క బిగించారు. ఎప్పుడో ఎవడో తాగొచ్చి రాయి విసిరితే, ఆ తర్వాత వేసిన అద్దం ఇది, అరచేతి మందం, మైకు లేకపోతే ఇవతలి మాట అవతలికి పోదు, అవతలిది ఇవతలికి రాదు. పొద్దున్నే నీలం కోటు తీసుకున్నారు, ఒక పూలగుత్తి చేతిలో పెట్టారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. సాయంత్రం షిఫ్టు ముగిసే వేళకి సూపరింటెండెంటు వచ్చి తాళాలు తీసుకునేదాకా కుర్చీలో కూర్చుంటే చాలట. చీకట్లో కూర్చుంది. రోజూ వచ్చే ఆయన వస్తే ఎలా మాట్లాడను, అదొక్కటే ఆలోచన.

ఎదురుగా చెప్పుల దుకాణం బోర్డు ఇంకా వెలగలేదు. అది వెలిగే వేళకే ఆయన వస్తాడు, కాస్త ముందూ వెనకా. అద్దం అవతల హాలంతా చేపల తొట్టిలా ఉంది, మనుషుల నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఒక్క ముక్క వినబడటం లేదు. ఇన్నాళ్ళూ ఈ గోలే చంపుతోందని ఇంటికెళ్ళి తలకి గుడ్డ కట్టుకునేది, ఇప్పుడు గోల లేకపోయేసరికి చెవుల్లో ఏదో గుయ్‌మంటోంది. బల్ల ఉండే చోట నాలుగు టికెట్ మిషన్లు నిలబడ్డాయి, పెళ్ళివారి తరఫు వాళ్ళలాగా తళతళలాడుతూ. వాటి రెక్క విరగ, జనం తిట్టుకుంటారనుకుంది మొదట్లో, రెండ్రోజులు తిట్టుకున్నారు కూడా, మూడో రోజుకల్లా వేలితో టకటకా కొట్టేసుకుని పోతున్నారు. పేరుపేరునా పలకరించి, కూతురి పరీక్షలూ అల్లుడి ఉద్యోగమూ అన్నీ ఈ అద్దానికి చెప్పుకున్న మందులషాపు ఆవిడ మొన్న ఇటు చూడకుండానే వెళ్ళిపోయింది. ఆవిడనీ అనడానికి లేదు. మిషన్‌నీ అనడానికి లేదు, నిజం చెప్పాలంటే అది ఆమెకన్నా మంచిది. చిల్లర లేదని గయ్‌మనదు, టీకి లేవదు, నడుంనొప్పని మూలగదు. ఆమె అన్నీ చేసింది, ఒకసారి ఒక పెద్దమనిషి పేపరు చదువుకుంటూ గమ్యం చెప్పకుండా నిలబడితే "స్వర్గానికా?" అని అడిగి మెమో కూడా తెచ్చుకుంది. మిషన్ అలా అడగదు. ఎవరడిగితే వాళ్ళకి, ఎక్కడికడిగితే అక్కడికి, మారుమాట లేకుండా ఇచ్చేస్తుంది. అదే దాని గుణం, ఎవరడిగినా ఇచ్చేస్తుంది.

ఆయనక్కూడా ఇచ్చేస్తుంది. ఆయన అంటే ఆమె మొగుడే, ఈ లైన్లోనే బండి నడిపిన మనిషి, వెన్నబ్రేకు అనేవాళ్ళు ఆ రోజుల్లో, ఆయన బండి ఆపితే నిలబడ్డవాళ్ళ చేతిలో నిండుగ్లాసు టీ కూడా తొణికేది కాదని. నిజమో గొప్పో గానీ ఆమెకి నిజమే, పెళ్ళయిన కొత్తలో ఒకసారి డ్రైవరు గదికి ఆనుకున్న పెట్టెలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు, బండి ఎప్పుడు ఆగిందో తెలియక ఆమె ఇంకా కిటికీలోంచి చూస్తూనే ఉంటే తలుపు దగ్గరికొచ్చి, "దిగవా, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళనా" అన్నాడు. ఆ చేతులు. చలికాలం డ్యూటీ దిగి వచ్చి ఆ చేతులు ఈ హీటరు మీద పెట్టేవాడు, అది వేడెక్కేది కాదు, ఆమె తన చేతులు పైన వేస్తే పక్క కౌంటర్లో అక్క గొంతు సవరించుకునేది. హీటరు సంగతి చెబితే ఇప్పుడు ఆయనకి గుర్తుండదు. ముందు పేర్లు పోయాయి, తర్వాత వారాలు, తర్వాత కట్టుకున్నదాని మొహం. ఉద్యోగం మాత్రం పోలేదు. రిటైరైన సంగతి మర్చిపోయాడు గానీ డ్యూటీ సంగతి మర్చిపోలేదు. సాయంత్రమయ్యేసరికి తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని, షెడ్డుకి పోవాలి, బండి తీయాలి అంటాడు. ఆ షెడ్డు ఎక్కడుంది, ఆఖరి స్టేషను అవతల ఎప్పుడో కూల్చేశారు, అక్కడిప్పుడు అద్దాల మేడలు లేచాయి. పోవద్దని తలుపు గడియ పెడితే తలుపు విరగ్గొట్టబోయాడు, చెయ్యి పట్టుకుంటే విదిలించాడు, ఆ విదిలింపుకి ఆమె మణికట్టు వాచి నెల రోజులు ఎడంచేత్తో టికెట్లిచ్చింది. నడవనివ్వండమ్మా, కట్టేస్తే ఇంకా ముదురుతుంది అన్నాడు డాక్టరు. డాక్టరుదేం పోయింది.

ఒకసారి వెళ్ళనే వెళ్ళాడు. ఎవరో చదువుకునే పిల్ల టికెట్ కొనిచ్చిందట పాపం, మంచిపనే అనుకుని. ఆఖరి స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫారం చివర మెట్లు దిగి, పట్టాల వెంట నడుచుకుంటూ పోయి, షెడ్డు ఉండే మలుపులో షెడ్డు కనబడకపోయేసరికి పట్టామీద కూర్చున్నాడు. పట్టాలు చూసుకునే గ్యాంగుమనిషి ఒకడు ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తాడు కాబట్టి సరిపోయింది. అతను కూడా రిటైరైపోయాడు. ఈసారి ఎవరు పరుగెత్తుతారు, ఆ పనికి కూడా ఇప్పుడు కెమెరాలొచ్చాయంటున్నారు, కెమెరాకి కాళ్ళుండవు. పట్టామీద ఎందుకు కూర్చున్నావయ్యా అంటే, "షెడ్డు రానీ అని కూర్చున్నాను" అన్నాడు. షెడ్డు రావడమేమిటి. నవ్వు కూడా వచ్చింది ఆమెకి, ఆ రాత్రి నవ్వి నవ్వి దిండు తడిపేసింది.

ఆ తర్వాతే జరిగింది ఈ కౌంటరు సంగతి. క్యూలో మూడో మనిషిగా నిలబడి ఉన్నాడు, దూరాన్నించే చూసింది, నాకోసమే వచ్చాడు, గుర్తుపట్టాడు, ఇవాళ తెలివొచ్చింది అని పిచ్చి సంబరం. ముందువాళ్ళకి ఏమిచ్చిందో, ఎంత తీసుకుందో తెలియదు. వచ్చి అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ కట్టుకుని, "నమస్కారం మేడమ్. షెడ్డుకి ఒక టికెట్ ఇప్పిస్తారా? నాకు పాసుందండీ, మా ఇంట్లో ఆవిడ ఎక్కడో దాచేసింది" అన్నాడు. మేడమ్. పెళ్ళాన్ని మేడమ్ అన్న మొగుణ్ణి ఎవరైనా చూశారా. ఆమె నోటంట ఏమొస్తుందో ఆమెకే తెలియదు, మైకులోంచి వచ్చింది మాత్రం ఇన్నేళ్ళ అలవాటు గొంతు, తాపీగా, కాస్త ముక్కుతో, "షెడ్డు బండి వెళ్ళిపోయిందండీ. ఇక రేపే." డ్రైవర్లని షెడ్డుకి చేరవేసే బండి ఒకటుండేది ఆ రోజుల్లో, సాయంత్రం ఒక్కటే ట్రిప్పు, తప్పితే తప్పినట్టే. అది ఆయనకి గుర్తుంది. "అయ్యో, తప్పిపోయిందా" అన్నాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇంట్లో కుర్చీలు గిరాటేసే మనిషి, "థాంక్స్ మేడమ్, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను" అని, వచ్చిన దారినే తిన్నగా ఇంటికి పోయాడు. కాళ్ళకి దారి తెలుసు, స్టేషను వెనక సందులో మూడో ఇల్లు.

అప్పట్నించీ రోజూ అంతే. చెప్పుల దుకాణం బోర్డు వెలగడం, ఆయన రావడం, బండి వెళ్ళిపోవడం. ఇంట్లో ఆమె చెబితే ప్రాణం పోయినా వినడు, అద్దం వెనక కూర్చుని చెబితే వేదం. ఇంట్లో ఆమె పెట్టిన కూరలో ఉప్పు లేదు, అది నిజమే, డాక్టరు వద్దన్నాడు, ఆమె ఉతికిన చొక్కా వేరేవాడిది, ఆమె ఎవరో దొంగమనిషి, తాళాలు బొడ్లో దోపుకుని తిరుగుతుంది. ఇవన్నీ కౌంటర్లో ఆవిడకి చెప్పుకునేవాడు, వెనక క్యూ పెరిగిపోతున్నా ఆమె వినేది. "మీరెంత మర్యాదగా చెబుతారండీ, మా ఇంట్లో ఆవిడకీ కాస్త నేర్పకూడదూ" అనేవాడు. "అలాగేనండీ, కనబడితే చెబుతాను" అనేది. రాత్రి ఇంటికొచ్చాక మొహం తిప్పుకుని కూర్చుని ఉంటే, అద్దం ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి ఈయనేనా అని చూసేది. తనకి తనే సవతి అయింది, ఇలాంటిది కథల్లో కూడా ఉండదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, సాయంత్రం అయ్యేసరికి గది మూల తగిలించిన అద్దం ముక్కలో చూసుకుని జుట్టు సర్దుకునేది, ఈ వయసులో, కట్టుకున్నవాడి కోసమే, పరాయిదానిలాగా. ఒకసారి జలుబు చేసి సెలవు పెడితే పక్క కౌంటరు అక్కని బతిమాలుకుంది, ఒక ముసలాయన వస్తాడు, పాపం మతి స్థిమితం లేదు, షెడ్డు బండి వెళ్ళిపోయిందను చాలు, అని. ముసలాయన అంది. మా ఆయన అనలేదు. ఆ అక్క కొత్తగా బదిలీ మీద వచ్చింది, ఆయన్ని ఎరగదు. హీటరు మీద చేతులు చూసి గొంతు సవరించిన అక్క అయితే ఎప్పుడో పోయింది. ఎరగనివాళ్ళకి ఎందుకు చెప్పాలి, చెబితే అయ్యో అంటారు, అయ్యో అన్న క్షణం ఆ సాయంత్రాలు ఇక ఆమెవి కావు.

అందుకే సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా నోరు పెగల్లేదు. మంచివాడే, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "సాయంత్రం ఒక్క గంట ఉంచండి సార్, ఒక్క కౌంటరు, జీతం కూడా వద్దు" అంది. "ఎందుకమ్మా? ఆ గంటలో రెండు టికెట్లు కూడా అమ్ముడుపోవట్లేదు" అన్నాడు. అమ్మడానికి కాదు సార్, ఇవ్వకుండా ఉండటానికి. గొంతుదాకా వచ్చింది మాట, టీతో పాటు మింగేసింది. ఆ మాట అంటే, ఎవరికి ఇవ్వకుండా, ఎందుకివ్వకుండా, ఆయన మీకేమవుతారు, మిమ్మల్ని గుర్తుపట్టరా, ఎప్పట్నించి, ఇవన్నీ చెప్పాలి. "ఊరికే అడిగాను సార్, అలవాటైపోయి" అంది. ఆయన జాలిగా తలూపాడు. రేపట్నించి ఇంట్లోనే ఉంటారు కదమ్మా, హాయిగా ఇల్లు చూసుకోండి అన్నాడు. అదీ నిజమే, రేపట్నించి మొగుడు నమ్మని మనిషి రోజంతా ఆయనతోనే ఉంటుంది, నమ్మే మనిషి ఎక్కడా ఉండదు.

బోర్డు వెలిగింది. ఒక అక్షరం కొట్టుకుంటోంది, రోజూ కొట్టుకుంటుంది, ఎవడూ బాగుచేయించడు. బల్లమీద ఫోను గురగురలాడింది. వదిన. ఆయన అక్కగారు, మోకాళ్ళు పట్టేసి నాలుగు మెట్లు దిగలేదు, ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉంటుంది. "బయల్దేరాడే" అంది వదిన. "ఇవాళ ఆపమన్నాను కదా వదినా." "ఆపితే ఆగే రకమా? గ్లాసు విసిరాడు, తగల్లేదులే. గుండీలు నేనే పెట్టాను. అయినా ఎక్కడికొస్తాడు, నీ దగ్గరికేగా, నువ్వున్నావుగా అక్కడ." ఉన్నాను వదినా, అంది. ఉంది, కానీ మైకు లేదు, లైటు లేదు, కోటు లేదు. ఫోను బల్లమీద పెట్టేసి లేచి నిలబడింది, కూర్చుంది. ముందే బయటికెళ్ళి హాల్లో నిలబడితే? ఇంట్లో ఆవిడ స్టేషనుదాకా వెంటపడిందని నలుగురిలో అరుస్తాడు, తోస్తాడు, పరుగెడతాడు. అద్దం వెనకే ఉండాలి, అద్దం వెనక ఉంటేనే ఆమె కౌంటర్లో ఆవిడ. ఆయన మిషన్ దగ్గరికి వెళ్ళడు, ఆ వెలుగులంటే భయం, టీవీ పెట్టినా మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. అద్దం ముందు కాసేపు నిలబడి, ఎవరూ లేరని, విసుగొచ్చి ఇంటికి పోతాడు. పోతాడు, ఎందుకు పోడు.

కానీ ఆకుపచ్చ కోటు పిల్ల ఉంది కదా. మిషన్ల వాళ్ళు పెట్టిన పిల్ల, ఆ నాలుగింటి మధ్య పొద్దస్తమానం నిలబడి, తడబడే వాళ్ళని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి నొక్కించడమే దాని పని. నవ్వుమొహం. పగబట్టడానికి కూడా వీల్లేని పిల్ల, మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం పెట్టింది ఆమెకి. అప్పుడు చెప్పి ఉండవలసింది. నోరు తెరిచింది కూడా. తెల్లచొక్కా వేసుకుని ఒకాయన వస్తాడమ్మా అని మొదలుపెట్టి, ఆయన నాకు అని ఆగిపోయి, పెద్దవాళ్ళని మిషన్ దగ్గరికి ఊరికే లాగొద్దు, కంగారు పడతారు అని తేల్చేసింది. "భలేవారే మేడమ్, వాళ్ళకోసమే కదండీ నన్ను పెట్టింది" అంది పిల్ల. నిజమే కదా. ఒక్క మాట, మా ఆయన, అంతే, అదొక్కటీ అని ఉంటే. ఇప్పుడు ఈ అద్దంలోంచి ఆ పిల్ల చెవికి వినబడేలా ఎలా అరవడం అనుకుంటూ ఉండగానే జనంలో తెల్లచొక్కా కనబడింది.

ఎప్పటిలాగే తలవంచుకుని, గోడవారగా, ఎవరికీ అడ్డం రాకుండా వచ్చాడు. అద్దం ముందు ఆగాడు. లోపల చీకటి కాబట్టి ఆయనకి అద్దంలో తన మొహమే కనబడి ఉండాలి, కాస్త వెనక్కి తగ్గి, ఎదుటి ముసలాయనకి కూడా మర్యాదగా తలవంచాడు. నమస్కారం మేడమ్, పెదాలు కదిలాయి. ఆమెకి కంఠతా వచ్చిన పెదాలు. "షెడ్డు బండి వెళ్ళిపోయిందండీ" అంది ఆమె. మాట గదిలోనే ఉండిపోయింది. గట్టిగా అంది. అద్దానికి మొహం ఆనించి అరిచింది, ఇక రేపే, ఇక రేపే, ఊపిరికి అద్దం మసకబారి ఆయన మొహం కూడా పోయింది, అరచేత్తో తుడిచింది. చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, ఎంత ఓపిక, ఇంట్లో ఈ ఓపికలో పిసరు ఉంటే. చెక్క బిగించిన సందు దగ్గర వంగి గోళ్ళతో పీకింది. రాలేదు. పిడికిలితో అద్దం మీద దబదబా బాదింది. ఆ చప్పుడుకి ఆయన బెదిరాడు. అటూ ఇటూ చూశాడు, పిల్లాడు తప్పిపోతే చూసినట్టు. ఆకుపచ్చ కోటు అప్పటికే దగ్గరికి వచ్చేసింది. వంగి ఏదో అడుగుతోంది, ఆయన అద్దం వైపు చూపిస్తున్నాడు, పిల్ల తల అడ్డంగా ఊపి రెండు చేతులూ గాల్లో మూసి చూపించింది, మూసేశారండీ. తర్వాత పిల్ల ఆయన మోచెయ్యి పట్టుకుంది. విదిలించలేదు. ఆమె చెయ్యి విదిలించినట్టు విదిలించలేదు, వెంట నడిచాడు, వెలుగుకి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు, పిల్లే అడిగింది, పిల్లే నొక్కింది, మిషన్ ఇచ్చేసింది.

గది తలుపు వెనకవైపు. వరండా తిరిగి, చీపుర్ల గది దాటి, హాల్లోకి వచ్చేసరికి తెల్లచొక్కా గేటు అవతల మెట్లు దిగుతోంది. ఆమె తన డ్యూటీ కార్డు తాకించింది. ఎర్రలైటు. మళ్ళీ తాకించింది, ఇన్నేళ్ళలో ఒక్కసారీ కాదనని గేటు, ఎర్రలైటు. పొద్దున్న కోటుతో పాటే కార్డునీ చంపేశారు కాబోలు, ఎవరూ చెప్పలేదు. "మేడమ్, టికెట్ కావాలండీ" ఆకుపచ్చ కోటు పరుగెత్తుకొచ్చింది. "ఆయన్నెందుకు పంపావే తల్లీ" అంది ఆమె. "అడిగారు కదండీ పాపం, షెడ్డు షెడ్డు అంటుంటే ఆఖరి స్టేషనుకి తీశాను. ఏమైందండీ?" కింద బండి వస్తున్న చప్పుడు కాళ్ళకి తెలుస్తోంది. చెప్పడానికి ఒక జీవితం పడుతుంది, బండి అంతసేపు ఆగదు. "నాకూ తియ్యి, అక్కడికే" అంది. పర్సు లేదు, ఫోను బల్లమీదే ఉండిపోయింది. పిల్ల తన కార్డే తాకించింది. మిషన్ అరక్షణం కూడా ఆలోచించలేదు, క్యూ లేదు, చిల్లర లేదు, ఎవరు నువ్వు, ఎందుకు వెళ్తున్నావు, ఏమీ లేదు, వెచ్చని టికెట్ నాలుక చాచినట్టు బయటికొచ్చింది. ఇంత చక్కగా పనిచేస్తుందని ఆమె అనుకోలేదు.

తలుపులు మూసుకుంటుండగా ఎక్కింది. పెట్టెలో రద్దీ లేదు. ఆయన చివరి సీట్లో టికెట్ రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుంది, ఊపిరి అందక. ఇంట్లో ఆవిడ అని అరుస్తాడేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకుంది. అరవలేదు. చూసి, కొంచెం జరిగి, పక్కనున్న సంచి లాంటిదేదో జరిపి చోటిచ్చినట్టు సీటు తట్టాడు, అక్కడ సంచీ లేదు. ఎవరో పరాయి ఆవిడ. పరాయివాళ్ళంటే ఆయనకి ఎంత మర్యాద. ఇంకొంచెం ధైర్యం చేసి పక్కకి మారి కూర్చుంది, ఎన్నాళ్ళయింది ఆయన పక్కన ఇలా కూర్చుని. బండి కదిలింది. మొదటి స్టేషన్లో ఆగినప్పుడు ఇద్దరూ ముందుకి తూలారు, ఆయన నొసలు ముడిచి, "ఎవడో కొత్తవాడు" అని గొణిగాడు.

"డ్యూటీకేనా అండీ?" అంది ఆమె.

"అవునండీ." టికెట్ అటూ ఇటూ తిప్పుతున్నాడు. తర్వాత ఆమెతో కాదు, టికెట్‌తో చెప్పినట్టు, "ఆవిడ లేదండీ ఇవాళ" అన్నాడు.

"ఎవరండీ?"

"కౌంటర్లో ఉంటుందొకావిడ. చాలా మంచిది అనుకునేవాణ్ణి. రోజూ వచ్చేవాణ్ణి. రోజూ బండి వెళ్ళిపోయిందనేది. నేనూ నమ్మేవాణ్ణి." టికెట్ పైకెత్తి చూపించాడు. "చూడండి. బండి ఉంది. ఆ పిల్ల నొక్కగానే వచ్చింది. రోజూ ఉందటండీ బండి, పది నిమిషాలకోటి ఉందట, ఆ పిల్లే చెప్పింది." "ఇంట్లో ఆవిడ సంగతి సరే, దానికి నేనంటే పడదు. ఈవిడకి నేనేం అన్యాయం చేశానండీ? మేడమ్ అని తప్ప పిలవలేదు."

కిటికీలోంచి ఇళ్ళు పోతున్నాయి, దీపాలు పోతున్నాయి. ఆమెకి ఏడుపు రాలేదు, ఏడవడానికి తీరిక లేదు, ఇంకో మూడు స్టేషన్లు దాటితే పట్టాలు, మలుపు, చీకటి, చెయ్యి పట్టుకుంటే విదిలిస్తాడు, ఆ బలం ఆపడం ఆమె తరం కాదు. మిగిలింది ఒక్కటే, మైకు పోయినా అది గొంతులో ఉంది ఇంకా, ఇన్నేళ్ళదీ. వెన్ను నిటారు చేసింది, ఒడిలో చేతులు కౌంటరు బల్లమీద పెట్టినట్టే పెట్టుకుంది, కళ్ళు మూసుకుని ఎదురుగా అద్దం ఉందనుకుంది. తాపీగా, కాస్త ముక్కుతో, ఒక్క అక్షరం తేడా రాకుండా అంది.

"ఈ బండి షెడ్డుకి పోదండీ. షెడ్డు బండి వెళ్ళిపోయింది. వచ్చే స్టేషన్లో దిగి ఇంటికెళ్ళండి. ఇక రేపే."

ఆయన చప్పున తలెత్తాడు. ఆ మొహంలో వెలుగు వచ్చింది, ఆమె చూసింది, ఎన్నాళ్ళ తర్వాతో ఆ చూపు ఆమె మొహం మీద, కళ్ళలోకి, గుర్తుపట్టి, పూర్తిగా గుర్తుపట్టి నిలిచింది.

"మీరా" అన్నాడు. "మీరేనా మేడమ్."

నేనేనండీ, అనబోయింది.

"ఇంకా అదే చెబుతున్నారా" అన్నాడు ఆయన, మర్యాదగానే. టికెట్ జేబులో పెట్టుకుని, పైన గుండీ పెట్టుకుని, లేచి వెళ్ళి తలుపు దగ్గర ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాడు. బండి స్టేషన్లో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, ఇద్దరు దిగారు, ఒకరెక్కారు, ఆయన దిగలేదు. తలుపులు మూసుకున్నాయి.